చిన్నమ్మ బొటనవేలి గోరు

మొన్న అంగడినాడు నారాయణఖేడ్‌లో బస్సు దిగి, ఎండకు తాళలేక మా మేనమామ కిరాణా దుకాణంలోకి పోయి నిలబడ్డప్పుడు, సబ్బుల అరకూ అగరొత్తుల అరకూ మధ్య వరుసగా పేర్చిన చిన్న సీసాలు కంటపడ్డాయి. లోపల పసుపుపచ్చని కుసుమ నూనె, పైన ఆకుపచ్చ చీటీ. ఆ చీటీ మీద 'గోర్లు చిట్లకుండా ఆకు నూనె' అనీ, దాని కింద ఎర్రటి అక్షరాలతో 'పరీక్షించబడినది' అనీ అచ్చువేసి ఉంది. ఆ ఎర్రటి మాట చదవగానే నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ పరీక్ష చేసినదాన్ని నేనే, అది చెల్లదని తేల్చినదాన్నీ నేనే. ఇదేమి అన్యాయమని అడిగితే, చక్కెర తూస్తున్న మామ తల కూడా ఎత్తకుండా, "గది నువ్వు రాసిచ్చిన మాటనే కోడలా," అన్నాడు. వాదనకు అది సమాధానం కాదు. అయితే అబద్ధం కూడా కాదు, అదే నా బాధ.

ముప్పై నిండకముందే జ్ఞాపకాలు రాయడమేమిటని పెద్దలు నవ్వవచ్చు. నాతోపాటు ఈ ఊరి డిగ్రీ కాలేజీలో చదివి, చర్చా పోటీలకని జిల్లా అంతా బస్సుల్లో తిరిగి, ఇచ్చిన అంశానికి అనుకూలంగా ఉదయమూ ప్రతికూలంగా మధ్యాహ్నమూ మాట్లాడిన మీకు మాత్రం నేనేమి చెప్పబోతున్నానో తెలుస్తుంది. మాకు చర్చ నేర్పిన సారు మొదటి రోజు చెప్పిన సూత్రం ఒక్కటే: ప్రతిపాదించినవారే రుజువు చూపాలి, కాదన్నవారు చూపనక్కరలేదు. ఆ సూత్రం పోటీల్లో నాకు రెండు కప్పులు తెచ్చిపెట్టింది, ఇంట్లో మాత్రం అన్నం దొరకకుండా చేసింది. శుక్రవారం గోర్లు తీయకూడదని అమ్మ అన్నప్పుడు ఎవరు రుజువు చేశారని అడిగినందుకు, ఆ పూట నాకు రెండోసారి పప్పు వడ్డించినవారు లేరు. అయినా నేను వెనక్కి తగ్గలేదు. ఆ వయసులో వెనక్కి తగ్గడమంటే ఓడిపోవడమేనని నమ్మేదాన్ని.

ఆ రోజుల్లో చిన్నమ్మ, అమ్మకు స్వయానా చెల్లెలు, మా ఇంట్లోనే ఉండేది. కంగ్టి దగ్గరి ఊరు ఆమెది. చిన్నాన్న కూలిపనికి పట్నం పోతే, తొమ్మిదో తరగతి చదువుతున్న మా చెల్లెను, అంటే చిన్నమ్మ కూతురిని, ఇక్కడి బడిలో పదో తరగతి గట్టెక్కించాలని ముందటేడే మా పంచన చేరింది. పెసర చేలు పక్వానికి వచ్చినప్పుడు ఆడవాళ్ళ గుంపుతో షేర్ ఆటోలో మనూర్ వైపు చేలకు కాయ తెంపడానికి పోయేది. ఆ పని చూసినవారికి తప్ప దాని కష్టం తెలియదు. ఎండిన కాయను చెట్టు కదలకుండా తొడిమ దగ్గర కుడి బొటనవేలి గోటితో నొక్కి తెంపాలి. లాగితే పక్కనున్న పచ్చికాయా పూతా రాలిపోతాయి, ఎండుకాయ పగిలి గింజలు నేలపాలవుతాయి. అంటే ఆ పనికి కావలసిన పనిముట్టు ఒక్క గోరే. చిన్నమ్మ గోరేమో పొరలు పొరలుగా లేచి, నడిమికి చీలి, కండదాకా దిగేది. అంతకుముందు ఏడు సగం పంటలోనే గోరు విరిగి, వేలికి గుడ్డ చుట్టుకుని తెంపితే, అందరూ రెండు సాళ్ళు ముగించేసరికి ఆమె ఒక్క సాలు ముగించింది. గుంపును నడిపే ఆవిడ మొహమాటం లేని మనిషి. "వచ్చేయేడు గోరుంటెనే రా అక్కా, లేకుంటె ఆటోల జాగ ఖరాబు జెయ్యకు," అని తేల్చి చెప్పింది. పెసర తెంపుడుకు రానివారిని ఆ గుంపు మినుముకూ పిలవదు, పత్తికీ పిలవదు. పని లేకపోతే చిన్నమ్మ కూడా పట్నం పోవాలి, పోతే చెల్లె బడి ఆగిపోవాలి. అలా ఒక పిల్ల పదో తరగతి ఒక తల్లి బొటనవేలి గోటి మీద ఆనుకుని ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ నేను చేసినదే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మా అమ్మ తల్లిని మేము అవ్వ అంటాము. మా గోడకానుకునే ఉన్న మామ ఇంట్లో ఉంటుంది. గానుగ కుసుమ నూనెలో గోరింటాకూ వేపాకూ వేసి, ఆకు నల్లబడి గలగలలాడేదాకా ఇనుప కడాయిలో కాచి, గుడ్డతో వడగట్టి, గోర్లు చిట్లినవారికి అడిగినంత పోసి ఇచ్చేది. ఎంత ఆకు అని అడిగితే పిడికెడు అనేది, ఎవరి పిడికెడు అంటే విసుక్కునేది. ఆ నూనెను సీసాల్లో పోసి దుకాణంలో పెట్టాలన్న ఆలోచన మామకు వచ్చింది. చీటీ మీద 'పరీక్షించి నిరూపించబడినది' అని రాసిపెట్టమని, ఇంట్లో చదువుకున్నదాన్నని, నా దగ్గరికి వచ్చాడు. పరీక్షించనిదే రాయనన్నాను. "కాలేజీల కప్పులు గెలిస్తివి గని, ఇంట్ల రెండు ముక్కలు రాయమంటె పరేషాన్ జేస్తున్నవేందే," అని మామ తల పట్టుకున్నాడు. అవ్వ మాత్రం నవ్వి, గోర్లకు కూడా పరీక్షలు పెడితే పాసైనవాటికి ఏ ఉద్యోగమిస్తావని అడిగింది.

నా మొదటి పద్ధతి, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గాని, ఒక్క పూట కూడా నిలవలేదు. ప్రతి మనిషికీ కుడిచేతి గోర్లకు నూనె పూయాలనీ, ఎడమచేతివి అలాగే వదిలేయాలనీ, నలభై రోజుల తరువాత రెంటినీ పోల్చాలనీ కాగితం మీద అందంగా గీసుకున్నాను. కుడిచేతికి నూనె పూయవలసింది ఎడమచేతి వేళ్ళతోనేనన్న సంగతి, రెండు కప్పులు గెలిచిన నా బుర్రకు తట్టలేదు. పైగా పూయడం కాగానే అందరూ, చెప్పినా వినకుండా, అలవాటుకొద్దీ రెండు చేతులూ కలిపి రుద్దుకున్నారు. ఎదురింటి కన్నడ అత్త అయితే నన్ను చూసి జాలిపడింది. "ఒక చేతికి ఎణ్ణె పెట్టి ఒకదాన్ని ఎండబెడతారామ్మా? ఇద్దరు పిల్లల్లో ఒకరికే బువ్వ పెట్టినట్టుంది," అంది. ఎణ్ణె అంటే నూనె. ఆ పోలికలోని తర్కదోషాన్ని నేను వివరించబోతుండగానే ఆమె లేచి వెళ్ళిపోయింది.

కాబట్టి చేతులను కాదు, మనుషులనే విడదీయాలని నిశ్చయించాను. అమ్మ, ఎదురింటి అత్త, చిన్నమ్మ, ఆమె గుంపులోనే కాయ తెంపే మరో ముగ్గురు, మొత్తం ఆరుగురు. ముగ్గురికి నూనె, ముగ్గురికి లేదు. ఎవరికి ఉండాలో నేను నిర్ణయిస్తే పక్షపాతమవుతుంది గనుక, ఆరు పేర్లూ చీటీల మీద రాసి, మడిచి, చెంబులో వేసి, చెల్లె చేత మూడు తీయించాను. వచ్చిన పేర్లు అమ్మది, ఎదురింటి అత్తది, గుంపులో ఒకామెది. చిన్నమ్మ పేరు చెంబులోనే ఉండిపోయింది. చెల్లె నా ముఖంలోకి చూసింది. చెంబు మళ్ళీ కుదిపి మళ్ళీ తీద్దామంది. అప్పుడు నేను దాన్ని కూర్చోబెట్టి, ఫలితం నచ్చలేదని చీటీ మార్చడం మొదలుపెడితే పరీక్షకు అర్థమే ఉండదని, నలభై రోజులే కదా అని, ఒక ఉపన్యాసమిచ్చాను. అది చీటీలు ఏరి పొయ్యిలో వేసింది. అవ్వ దూరంగా కూర్చుని మేకకు ఆకు వేస్తున్నది. ఆమె కాదనలేదు. కాదనకపోవడాన్ని అంగీకారమనుకున్నాను.

గోరు ఎంత పెరిగిందో కొలవడానికి మొదట్లో పెన్నుతో గీత పెట్టాను. ఒక్క రోజు అంట్లు తోమగానే గీతలన్నీ పోయాయి. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పోయాయి. నా విసుగు చూసి అవ్వ, ఆషాఢం వెళ్ళిపోకముందే అందరూ ఒకే రోజు గోర్లకు గోరింటాకు పెట్టుకుంటే సరిపోతుందంది: ఎరుపు గోటితోపాటే పైకి జరుగుతుంది, కింద తెల్లగా వచ్చినదే కొత్త గోరు, బూడిదతో తోమినా ఆ గుర్తు పోదు. నేను వెతికిన కొలబద్ద ఏనాటినుంచో ఆడవాళ్ళ వేళ్ళ మీదే ఉందన్నమాట. అక్షరం రాని మనిషి ముందు తలొంచవలసి వచ్చినందుకు లోలోపల ఉడుక్కుంటూనే, అందరికీ సమానంగా పెడుతున్నాము గనుక అభ్యంతరం లేదని పుస్తకంలో రాసుకున్నాను.

ఇక నూనె పెట్టే తీరు. అవ్వ లెక్కలో ఆ నూనెను తన గోటికి తాను రాసుకోకూడదు. ఎదుటి మనిషి వేలు పట్టుకుని, తన బొటనవేలితో గోరు మొదట ఒత్తి ఒత్తి ఇంకించాలి. పొద్దంతా కాయ తెంపిన చేతులకు తమను తాము ఒత్తుకునే సత్తువ ఎక్కడిదని ఆమె వాదన. కాబట్టి పొద్దు వాలే వేళ మా ఇంటి అరుగు మీద ముగ్గురు చేతులు చాపి కూర్చునేవారు, మిగిలిన ముగ్గురు వాళ్ళ ఎదుట కూర్చుని ఒత్తేవారు. ఎవరు ఎవరికి ఒత్తాలో అవ్వే ఏర్పాటు చేసింది. నాకు ఆ ఏర్పాటు ఎంతో పద్ధతిగా తోచింది, అందరికీ తలా ఒక పని దొరికింది కదా అని. నూనె చేతులతో అంట్లు ముట్టరు గనుక ఒక గంటసేపు ఎవరూ లేచేవారు కారు. కోడళ్ళ సంగతులూ ఆటో డ్రైవరు సంగతులూ మాట్లాడుకుని పడీపడీ నవ్వేవారు. ఎదురింటి అత్త చిన్నమ్మకు వేళ్ళు అప్పగించి, నొక్కు గట్టిగా ఉందనీ లేదనీ ఏదో ఒకటి సణిగేది. నేను పక్కన స్తంభానికి ఆనుకుని, 'ప్రయోగం క్రమశిక్షణతో సాగుతున్నది' అని తేదీ వేసి రాసుకునేదాన్ని. కళ్ళెదుట జరుగుతున్నదాన్ని నలభై రోజులు నేను అలా చూశాను.

మూడు వారాలు గడిచాక కాయ తెంపుడు మొదలైంది. తెల్లవారితే గుంపు ఆటో సందు మలుపులో హారన్ కొట్టేది. చిన్నమ్మ వేలికి గుడ్డ చుట్టుకోకుండానే ఎక్కి పోయేది. ప్రతి సాయంత్రమూ నేను ఆమె గోరు చూసేదాన్ని, కాని పరీక్షాధికారిగా చూసేదాన్ని. విరగకూడదని ఒక మనసూ, నూనె లేకుండానే నిలిస్తే నూనె వ్యర్థమని తేలుతుందన్న కుతూహలం మరో మనసూ ఉండేవి. ఇప్పుడు తలచుకుంటే ఆ రెండో మనసును ఏమనాలో తెలియదు.

నలభయ్యో రోజున ఆరుగురినీ వరుసగా కూర్చోబెట్టి, అరవై గోర్లూ స్కేలు పెట్టి చూశాను. ఎరుపు అందరికీ ఒకేలా పైకి జరిగింది. చిట్లినవి చాలా కొద్ది, అవి కూడా రెండు జట్లలోనూ ఇంచుమించు సమానమే. అరవైలోకెల్లా నునుపుగా, గట్టిగా, చెక్కుచెదరకుండా ఉన్న గోరు చిన్నమ్మ కుడి బొటనవేలిది. నూనె పెట్టుకోని మనిషికి నూనె పెట్టుకున్నవారికన్నా మంచి గోరా అనుకుంటూ ఆమె చేయి పట్టుకుని దగ్గరగా చూశాను. వేలు నూనెతో నిగనిగలాడుతున్నది. ఒత్తేది ఆ వేలితోనే. కాయ తెంపేదీ ఆ వేలితోనే. చిన్నమ్మ చటుక్కున వేలును పిడికిట్లో దాచుకుంది, దొంగిలించిన బెల్లాన్ని పిల్లలు దాచుకున్నట్టు.

నేను అవ్వ వైపు తిరిగాను. అవ్వ నా చూపు తప్పించలేదు.

"నీ కాగితంల ఏమున్నదో గదే జేసినం బిడ్డా. గా ముగ్గురికి ఎవలు నూనె పెట్టద్దన్నవ్, ఎవలు పెట్టలే. వాళ్ళు ఒత్తద్దని ఏడ రాసినవ్?"

ఇది మోసమని అరిచాను. నలభై రోజుల పని బూడిదైందని, రెండు జట్లకూ నూనె అందినప్పుడు దేన్ని దేనితో పోల్చాలని, పుస్తకాన్ని అరుగు మీద కొట్టాను. గుంపులోని ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు, నవ్వు ఆపుకోలేక. ఎదురింటి అత్త బుగ్గన వేలు పెట్టుకుని, "అయ్యో దేవరే, గోరు బాగైతే ఏడ్చేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా," అంది. అవ్వ ఒక్కతే నవ్వలేదు.

"మోసమైతె మోసమే అనుకో. చెంబుల కెల్లి పేరు ఎల్లకపోతె నా బిడ్డ గోరు వలగాల్నా? ఇగ పోరి సదువు గూడ చెంబుల ఏస్తవా? ఏం ధర్మమే గది?"

ఎదుటివారి వాదనను ఖండించడానికి పోటీల్లో మాకు రెండు నిమిషాలిచ్చేవారు. ఆ రోజు ఎవరూ గడియారం చూడలేదు, అయినా నా సమయం అయిపోయింది. కోపం మాత్రం తగ్గలేదు. ఆ పుస్తకం చివరి పేజీలో కసికొద్దీ రాసుకున్నాను: ఈ పరీక్ష మళ్ళీ చేయవలసి వస్తే మొదటి షరతు, ఒకరి చేయి మరొకరి చేతికి తగలరాదు.

మామ చీటీ కోసం వచ్చినప్పుడు, నా మనస్సాక్షికి లోటు రాకుండా, 'పరీక్షించబడినది. ఫలితము తేలలేదు' అని రాసిచ్చాను. ఇలాంటి మాట రాసుకుని నూనె అమ్మినవాడు దునియాలో ఎవడైనా ఉన్నాడా అని మామ ఆ కాగితాన్ని గల్లాపెట్టెలో పడేశాడు. ఇన్నేళ్ళకు దాన్ని బయటికి తీసి, నా వాక్యాన్ని నడిమికి విరిచి, మొదటి సగాన్ని అచ్చువేయించాడు. ఇదీ మొన్న దుకాణంలో నా ఒళ్ళు మండడానికి కారణం.

ఆ ఏడు చిన్నమ్మ పంట చివరిదాకా తెంపింది. గుంపు ఆమెను మినుముకూ పిలిచింది, పత్తికీ పిలిచింది. మరుసటి ఏడు కూడా అరుగు మీద ఒత్తుడు సాగింది, ఈసారి చీటీలూ లేవు, నా పుస్తకమూ లేదు. చెల్లె పదో తరగతి పాసైంది. నూనె వల్ల నిలిచిందో, ఒత్తడం వల్ల నిలిచిందో, ఆ గంటసేపు అంట్ల బూడిదకూ సబ్బునీళ్ళకూ చేతులు దూరంగా ఉన్నందువల్ల నిలిచిందో తెలియదు గాని, గోరు మాత్రం నిలబడవలసినన్నాళ్ళు నిలబడింది.

నిలబడనిది పని. ఇప్పుడు మా వైపు పెసర చేలలోకి మిషను దిగుతున్నది; గుంపు వారం రోజులు తెంపే చేనును అది పూట తిరిగేసరికి ఊడ్చేసి పోతుంది. దానికి గోరు అక్కరలేదు. గుంపు ఆటో హారన్ వినక ఎన్నేళ్ళైందో నాకు గుర్తు లేదు. గుంపు నుంచి వచ్చిన ముగ్గురిలో ఒకామె కల్హేర్‌లో కూతురి దగ్గర ఉంది, మిగిలినవారు కూలికి ఎటో వెళ్ళారు. ఎదురింటివారు ఇల్లు అమ్ముకుని బీదర్ పోయారు. అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. చిన్నమ్మ చివరికి పట్నమే చేరింది, ఒక హాస్టల్ వంటింట్లో గిన్నెలు తోముతూ అక్కడే పడుకుంటున్నది; చిన్నాన్న పని దొరికిన ఊరల్లా తిరుగుతుంటాడు. చెల్లె అక్కడే నర్సింగు చదువుతూ కాలేజీ హాస్టల్‌లో ఉంటుంది. ఏ వలసను తప్పించడానికి ఆ గోరు అంత పాటు పడిందో ఆ వలస ఆగలేదు, రెండేళ్ళు ఆలస్యంగా వచ్చిందంతే. ఆ రెండేళ్ళలో ఒక పిల్ల పదో తరగతి ఇమిడింది.

మొన్న దుకాణం నుంచి అదే కోపంతో అవ్వ దగ్గరికి పోయాను. చూపు తగ్గినా కడాయి మాత్రం ఎవరికీ అప్పగించలేదు, సీసాల్లో నూనె ఇప్పటికీ ఆమె కాచినదే. మామ అక్రమం గురించి ఆమెకు ఫిర్యాదు చేస్తుండగానే చిన్నమ్మ ఫోను వచ్చింది. అవ్వకు వినపడాలని స్పీకరు పెట్టాను.

"నూనె పని జేస్తలేదు బిడ్డా. రెండు సీసాలు ఒడిసినయ్, గోరు మల్ల నడిమికి వలుగుతనే ఉన్నది."

నా పాత బుద్ధి ఎక్కడికి పోతుంది? ఎన్ని చుక్కలు, ఏ వేళ, గిన్నెలు తోమకముందా తోమిన తరువాతా, ఏ సబ్బు, చేతికి తొడుగులున్నాయా, లోపలి జబ్బేమైనా ఉందేమో దవాఖానలో చూపించుకున్నావా అని వరుసగా అడుగుతూ పోయాను. మంచం మీదినుంచి అవ్వ నా మోచేతిని తట్టింది.

"గవన్ని ఇడిసిపెట్టే. ఎవలొత్తుతున్నరో అడుగు."

అడిగాను. అవతల చిన్నమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ఎవలున్నరే ఈడ? గీ చేతికి గా చెయ్యి, గా చేతికి గీ చెయ్యి," అని, ఎవరో పిలుస్తున్నారంటూ చిన్నమ్మ ఫోను పెట్టేసింది.

ఒక్క మనిషి గోటితో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. నీళ్ళు మారాయి, పని మారింది, వయసు మీద పడింది. ఏ న్యాయనిర్ణేత ముందైనా ఈ వాదన నిమిషం నిలవదు. ఊరికి పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు నా ప్రశ్నలకు విసుక్కునేవారు, ఇప్పుడు విసుక్కోవడానికి కూడా ఆ అరుగు మీద ఎవరూ లేరు. పాత పెట్టెలో వెతికితే ఆ పుస్తకం దొరికింది. చివరి పేజీలో నా అక్షరాలు కోపంగా వంగి ఉన్నాయి: ఒకరి చేయి మరొకరి చేతికి తగలరాదు. నేను ఎంత గొంతు చించుకున్నా మా అరుగు మీద ఎవరూ పాటించి ఉండని ఆ షరతును చిన్నమ్మ ఇప్పుడు, ఎవరూ చెప్పకుండానే, ఒక్క సాయంత్రం కూడా తప్పకుండా పాటిస్తున్నది.